తొమ్మిదో మెంబరు

నేను రాసిన కథల్లో ఒకే ఒక్కటి భూమ్మీద జరగదు. రెండు గ్రహాలు, వాటి నడుమ ఆకాశంలో ఆగిన ఓడ, అందులో ఎదురెదురుగా కూర్చున్న రాయబారులు, పక్క గదిలో ఒక బందీ. ఆ బందీని విడిపించడానికి వాళ్ళు మాట్లాడుకుంటూనే ఉంటారు. ఒక గ్రహం వాళ్ళు రెండో గ్రహం వాళ్ళ గాలి పీల్చరు. ముక్కులకి తొడుగులు పెట్టుకుని కూర్చుంటారు. తొడుగు తీసి పీల్చారంటే రాజీకి ఒప్పుకున్నట్టే. మనుషులు రోదసిలోకి వెళ్ళొస్తున్నారని రేడియోలో చెబుతున్న రోజులు అవి. ఒక వారపత్రిక వాళ్ళు ఆ కథ అచ్చేశారు. పల్లెటూరి బడిలో అ ఆలు దిద్దించే ఆడమనిషికి గ్రహాల గోల ఏంటని కొందరు ముక్కున వేలేసుకున్నారు. కొందరు మాత్రం ఆ గాలి సంగతి భలే ఊహించావమ్మా అన్నారు. అలా మెచ్చుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఊహా లేదు, పాడూ లేదు. ఆ గాలి మజ్జిగ. ఆ ఓడ ఒక గొడ్ల చావిడి. ఆ బందీ మా నాయన.

మా ఊరు రెంటచింతలకి కాస్త దూరం. ఎండాకాలం అక్కడ ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెప్పినా నమ్మరు. ఊళ్ళో రెండు బజార్లు, పై బజారు, కింద బజారు. రెండింటిలోనూ ఉన్నది పొలాలున్న రైతులే, పిల్లనిచ్చి పిల్లను తెచ్చుకున్న చుట్టాలే. తగాదా ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు. మానడానికి మాత్రం ఎవరూ సిద్ధంగా లేరు. ఒకరి పెళ్ళికి ఒకరు వెళ్ళరు, ఒకరి చావుకి ఒకరు రారు. ఎదురుపడితే మాత్రం బావా అంటే బావా అనుకుంటారు. ఆ పిలుపు వింటే చాలు, మా పల్లెలో ఆడవాళ్ళు పిల్లల్ని లోపలికి పిలుచుకునేవాళ్ళు.

మా పల్లె ఊరికి దక్షిణాన ఉండేది. కూలి చేసుకు బతికే క్రైస్తవ కుటుంబాలం. రెల్లు కప్పిన చిన్న చర్చి ఉంది, అందులోనే బడి ఉంది, ఆ బడిలో నేను పంతులమ్మను. లేనిది బావి. మంచినీళ్ళకి పై బజారు బావి దగ్గరికి వెళ్ళి, గట్టుకి ఇవతల కుండలు పెట్టుకుని నిలబడాలి. ఎవరికైనా దయ పుట్టి తోడి పోస్తే తెచ్చుకోవాలి. దయ అనేది మిట్టమధ్యాహ్నం ఎవరికీ పుట్టదు. మా అమ్మ సగం జీవితం ఆ గట్టు దగ్గర నిలబడడంతోనే అయిపోయింది. టీచరు ట్రైనింగ్ అయ్యి వచ్చాక నేనూ నిలబడ్డాను. పంతులమ్మ కదా అని నాకు ముందు పోసినవాళ్ళు లేరు.

మా నాయన నాపరాళ్ళ గనిలో రాళ్ళు కొట్టేవాడు. సన్నగా, పొడుగ్గా, మాట తక్కువగా ఉండేవాడు. మాట తక్కువ గనక ఇచ్చిన మాట పోనిచ్చేవాడు కాదు. ఆ ఏడు పంచాయితీ ఎన్నికలొస్తే మా పల్లె వార్డుకి ఆయన్ని నిలబడమన్నారు. ఎవరూ పోటీ చేయలేదు. మా అమ్మ మాత్రం గొడవ పెట్టుకుంది.

“మనకెందుకయ్యా మెంబరుగిరీ? వాళ్ళిద్దరి మధ్యన పడి నలిగిపోతావు,” అంది.

“బావి కోసమే,” అన్నాడు మా నాయన. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు.

అప్పట్లో ప్రెసిడెంటును జనం ఎన్నుకోరు, గెలిచిన మెంబర్లు కూర్చుని చేతులెత్తి ఎన్నుకుంటారు. సాగరు కాలువ తవ్వకం మా వైపుకి వస్తోంది. కాలువ వస్తే పనులొస్తాయి, పనులొస్తే ప్రెసిడెంటు మాట చెల్లుతుంది. అందుకని రెండు బజార్లూ ఆ కుర్చీ కోసం ప్రాణం పెట్టాయి. ఓట్లు లెక్కపెడితే పై బజారు మెంబర్లు నలుగురు, కింద బజారు మెంబర్లు నలుగురు తేలారు. తొమ్మిదోవాడు మా నాయన.

ఒక్క పూటలో మా గుడిసె ముందు చెప్పులు నిండిపోయాయి. అంతకుముందు మా పల్లెలో అడుగుపెట్టని పెద్దమనుషులు మా నులకమంచం మీద కూర్చుని మా మేక ఆరోగ్యం అడిగారు. బావి తవ్విస్తామని పై బజారు వాళ్ళు ఒట్టేశారు. బావికి మెట్లు కూడా కట్టిస్తామని కింద బజారు వాళ్ళు ఒట్టేశారు. మా నాయన ఇద్దరికీ ఒకటే చెప్పాడు.

“ముందు గడ్డపార దిగనీండయ్యా. ఎవరి గడ్డపార ముందు దిగితే వాళ్ళకే నా చెయ్యి. అందాకా మాట మాత్రం ఇవ్వను.”

బావికి స్థలం ఎక్కడో చూపిస్తానని లేచి నిలబడ్డాడు కూడా. ఎండ తగ్గాక చూద్దాంలే అన్నారు. ఆ ఎండ మళ్ళీ తగ్గింది లేదు.

తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యి అందరం బయటికి వస్తుంటే చర్చి ముందు జీపు ఆగి ఉంది. కాలువ కంట్రాక్టరు జీపు, పై బజారు వాళ్ళు అడిగి తెచ్చుకున్నారు. “మెంబరుగారూ, ఒక్కసారి రండి, పనుంది,” అన్నారు. మా నాయనను గారు అని పిలవడం మేం వినడం అదే మొదలు. ఆయన కండువా దులిపి భుజాన వేసుకుని ఎక్కాడు. జీపెక్కడం కూడా అదే మొదలు. పల్లె పిల్లలు దుమ్ములో జీపు వెనక పరిగెత్తారు. నేను నవ్వుతూ చూశాను. బలవంతం లేదు, అరుపుల్లేవు, ఏడుపుల్లేవు. మా నాయనను ఎత్తుకుపోయారని సాయంత్రానికి గానీ మాకు అర్థం కాలేదు.

గురజాల రోడ్డు మీద బస్సు దిగి లోపలికి నడిస్తే వచ్చే ఊళ్ళో, పై బజారు పెద్దాయన వియ్యంకుడి ఇంట్లో ఉంచారని తెలిసింది. పోలీసు స్టేషను గడప ఎక్కడానికి మా వాళ్ళలో ఎవరికీ ధైర్యం చాల్లేదు. ఎక్కి ఏం చెప్పాలి? ఆయనంతట ఆయన జీపెక్కాడు కదా. మా అమ్మ ఆ రోజు నుంచీ నేల మీద పడుకుని లేవలేదు. నేను బడికి వెళ్తున్నాను గానీ పిల్లలు ఎక్కాలు చదువుతుంటే నాకు వినపడేది కాదు.

అప్పుడొచ్చాడు కింద బజారు పెద్దాయన. తెల్ల మీసాలు, చేతిలో పొన్నుకర్ర. మా గుమ్మంలో నిలబడి మా అమ్మతో అన్నాడు.

“ఏడవమాక. మీ ఆయన మా మనిషి. రేపే పోయి మాట్లాడి తీసుకొస్తాం. పంతులమ్మను కూడా పంపు. కూతురు కళ్ళ ముందుంటే వాళ్ళు మరీ మొండికెయ్యలేరు.”

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టినంత పని చేశాను. మా అమ్మ మాత్రం ఆయన వెళ్ళేదాకా ఆగి, గోడ వైపు తిరిగి అంది.

“వాళ్ళకి కావాల్సింది మీ నాయన చెయ్యే. మనిషి కాదు. ఆ చెయ్యొక్కటీ కోసిచ్చి మనిషిని తెచ్చుకునే వీలుంటే ఎప్పుడో తెచ్చుకుందును.”

ఆ వియ్యంకుడి ఇల్లు పెద్దది. ముందు నాపరాళ్ళు పరిచిన వాకిలి, పక్కన పొడుగాటి గొడ్ల చావిడి. గేటు దగ్గర కర్రలు పట్టుకుని ఇద్దరు. చావిడిలో ఒక కొసన ఎద్దుల్ని పక్కకి కట్టేసి మంచాలు వేశారు. ఇటు కింద బజారు పెద్దాయన, ఆయన మనుషులిద్దరు. అటు పై బజారు పెద్దాయన, ఆయన వియ్యంకుడు. నేను గుంజ పక్కన నేల మీద కూర్చున్నాను.

కూర్చున్నాక చాలాసేపు వాళ్ళు మా నాయన మాటే ఎత్తలేదు. ఎద్దుల గురించి మాట్లాడారు. మిరప ధర గురించి, మాచర్లలో ఎవరికో కుదిరిన సంబంధం గురించి మాట్లాడారు. నాకు అరవాలనిపించింది. ఆఖరికి కింద బజారు పెద్దాయన కర్ర పక్కన పెట్టి అన్నాడు.

“మా మెంబరు మీ కాడ ఉన్నాడంటగా బావా.”

“మీ మెంబరేంది? ఊరి మెంబరు. చుట్టపుచూపుగా వొచ్చాడు. ఉంటానన్నాడు, ఉండమన్నాం.”

“ఎన్నాళ్ళుంటాడంట?”

“ఇంటికొచ్చిన చుట్టాన్ని ఎన్నాళ్ళుంటావని అడుగుతామా? మాకు మర్యాద తెలవదా?”

“చుట్టానికి గేటు కాడ కర్రలెందుకు?”

“కుక్కలు చానా ఉన్నాయి బావా మా ఊళ్ళో.”

ఇలా సాగింది. ఎవరూ గొంతు పెంచలేదు, ఎవరూ ఒక్క మెట్టు దిగలేదు. ఇంతలో లోపలి నుంచి వియ్యంకుడి తల్లి వచ్చింది. ముసలావిడ, చేతిలో కంచు చెంబు, వెనక ఇంకో ఆవిడ గ్లాసులతో.

“ఎండనబడి వొచ్చారు, కాసిని మజ్జిగ తాగండయ్యా,” అంది.

“ఇప్పుడే తాగొచ్చామమ్మా,” అన్నారు ముగ్గురూ ఒక్క గొంతుతో.

వాళ్ళ పెదాలు పగిలి తెల్లగా ఉన్నాయి. బస్సు దిగి నిప్పుల్లో నడిచొచ్చాం, ఎవరూ ఏమీ తాగలేదు. ఆ సంగతి ముసలావిడకీ తెలుసు, అందరికీ తెలుసు. తగాదా తెగేదాకా అవతలివాళ్ళ ఇంట్లో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. ముట్టారంటే రాజీకి వచ్చేసినట్టు, ఇక ఆ ఇంటి మీద ఎదురు మాట్లాడే హక్కు పోయినట్టు. పల్నాట్లో ఇది ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు. మజ్జిగ తేవడం వాళ్ళ ఎత్తు, వద్దనడం వీళ్ళ ఎత్తు. చెంబు మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

నాకు ఎవరూ మజ్జిగ ఇవ్వలేదు. గేటు దగ్గర ఆ ఇంటి పనిమనిషి దోసిట్లో నీళ్ళు పోస్తే తాగాను. నేను తాగినందుకు ఏ రాజీ కుదరలేదు.

వెళ్ళేముందు కూతురు చూసుకుంటానంటోందని కింద బజారు పెద్దాయన అడిగితే ఒప్పుకున్నారు. చావిడి రెండో కొసన, గడ్డివాము పక్కన, కొత్త నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు మా నాయన. ఉతికిన పంచె, కొత్త తువ్వాలు. గడ్డం గీయించారు. ఎవరి తండ్రినో చూస్తున్నట్టనిపించింది. పక్కన గూట్లో ఆయనకని విడిగా పెట్టిన మట్టి ముంత మాత్రం మా ఊరి మర్యాదే.

“అమ్మ ఎట్టా ఉంది?”

“లేవడం లేదు నాయనా.”

“కొట్టడం తిట్టడం ఏం లేదని చెప్పు. మెంబరుగారూ, తిన్నారా మెంబరుగారూ అంటన్నారే నన్ను!” అని నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. “మాట మాత్రం ఇవ్వలా. రోజూ అడుగుతున్నారు. గడ్డపార దిగిందాకా ఇవ్వనని చెప్పా. నువ్వు కూడా ఎవరికీ ఏం ఒప్పుకోమాక.”

ఒప్పుకోవడానికి నన్నెవరు అడుగుతున్నారు? ఆ పంచెలో, ఆ మంచం మీద ఆయన వెన్ను నిటారుగా ఉంది. గనిలో రాళ్ళు మోసి వంగిన వెన్ను అది. భయమూ గర్వమూ ఒక్కసారే కమ్ముకొచ్చి నాకు ఏడుపొచ్చింది.

రెండోసారి వెళ్ళినప్పుడు మాటలు కాస్త వేడెక్కాయి. ఎన్నిక నాడు మెంబరును మా జీపులో మేమే తీసుకొస్తామన్నాడు పై బజారు పెద్దాయన.

“మీ జీపులో వొస్తే మీకే చెయ్యెత్తుతాడు,” అన్నాడు కింద బజారు పెద్దాయన.

“మీ బండిలో వొస్తే మీకెత్తడా?”

“పోనీ రెంటచింతల ఫాదరుగారి కాడ ఉంచుదాం. ఇద్దరికీ కానివాడు.”

“ఆ ఫాదరుగారి కాడికి మీరు ఎల్లరా, మేం ఎల్లమా? రేపొద్దున ఆయన్ని కూడా ఎవరో ఒకరు జీపెక్కిస్తారు.”

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. లేచి నిలబడ్డాను. ఎక్కడ నుంచి వచ్చిందో తెగింపు, గుంజ పట్టుకుని అన్నాను.

“మా నాయన్ని ఇంటికి పంపండయ్యా. ఎవరి జీపూ వద్దు, ఎవరి బండీ వద్దు. ఆయన కాళ్ళతో ఆయన నడిచొచ్చి ఓటేస్తాడు.”

ఎద్దు మెడలో గంట మోగడం వినపడింది. పై బజారు పెద్దాయన నన్ను తేరిపార చూసి, తన వియ్యంకుడి వైపు తిరిగి, “పంతులమ్మ మాట్లాడుద్దే!” అన్నాడు. కింద బజారు పెద్దాయన కూడా నన్నే చూశాడు, ఇంట్లో పిల్లి మాట్లాడితే చూసే చూపు. తర్వాత వాళ్ళు మళ్ళీ జీపు గురించే మాట్లాడుకున్నారు. నేను కూర్చున్నాను. ముసలావిడ మజ్జిగ తెచ్చింది, వీళ్ళు ఇప్పుడే తాగొచ్చామన్నారు, ఆవిడ తీసుకుపోయింది.

ఆ కథ రాసేటప్పుడు నాకు కష్టమైంది గ్రహాలు కాదు, ఓడలు కాదు. రెండు వైపులా అన్నిన్ని మాటలు మాట్లాడుతున్నా, బందీ ఎవరు, అతనికి ఏం కావాలి అనే ప్రశ్న ఒక్కటి కూడా రాకుండా చూసుకోవడం. నిజంగా విన్నదాన్ని కాబట్టి రాయగలిగాను.

మూడోసారి వెళ్ళిన రోజు వడగాలికి కాకులు చెట్ల మీంచి రాలిపోతున్నాయి. బస్సు సీటు మీద చెయ్యి పెట్టలేకపోయాం. ఎన్నిక దగ్గర పడింది. ఆ రోజు తేలకపోతే ఇక తేలదు, తేలకుండా ఎన్నిక వస్తే ఎటు చూసినా తలలు పగులుతాయని, ముందు పగిలేది మధ్యలో ఉన్నవాడి తలేనని ఊళ్ళో అనుకుంటున్నారు. దారి పొడుగునా నేను యేసుప్రభువా, యేసుప్రభువా అనుకుంటూనే నడిచాను.

ఆ రోజు పెద్దలిద్దరూ చావిడిలో కూర్చోలేదు. పలకరింపులు కాగానే ఇద్దరే ఇంట్లోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకున్నారు. మిగిలినవాళ్ళం బయట కూర్చున్నాం. నీడ జరిగిపోతుంటే నాపరాళ్ళ మీద మేమూ జరుగుతూ కూర్చున్నాం. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. ఇద్దరూ బయటికొచ్చి ఒకే మంచం మీద కూర్చున్నారు. ఆ ఒక్క మంచం చూడగానే నేను లేచి నిలబడ్డాను.

ముసలావిడ చెంబుతో వచ్చింది. “కాసిని మజ్జిగ తాగండయ్యా,” అంది, ఎప్పటిలాగే.

కింద బజారు పెద్దాయన చెయ్యి చాపి గ్లాసు తీసుకున్నాడు. ఆయన తలెత్తి గడగడా తాగాడు. మీసాల వెంట తెల్లగా కారింది. గ్లాసు కింద పెట్టి, “కరివేపాకు బాగా వేశారమ్మా,” అన్నాడు. అంతే, ఒక్కసారిగా చావిడంతా నవ్వులు. కర్రలు పట్టుకున్నవాళ్ళు కూడా నవ్వారు. ఆయన మనుషులిద్దరూ గ్లాసుల మీద పడ్డారు. ముసలావిడ కళ్ళు తుడుచుకుంది. ఎన్నేళ్ళ తర్వాతో ఆ చుట్టం ఆవిడ ఇంట్లో గొంతు తడుపుకున్నాడు.

నేను పెద్దాయన దగ్గరికి పరిగెత్తాను.

“అయిపోయిందా అయ్యా?”

“అయిపోయిందమ్మా. అంతా మంచిగా అయిపోయింది. పో, బస్సుకి టైమయింది. మీ అమ్మకి చెప్పు,” అన్నాడు.

“మా నాయన?”

“పో, పో, బస్సు పోద్ది,” అన్నాడు నవ్వుతూ. అప్పటికే ఎవరో ఆయనకి రెండో గ్లాసు అందిస్తున్నారు.

మజ్జిగ తాగాడంటే రాజీ. రాజీ అంటే మా నాయన వచ్చేసినట్టే. ఇంకెవరైనా అయితే అడిగేవాళ్ళేమో, దేని మీద రాజీ అని. మాకు ఆ అనుమానమే రాలేదు. ఆ గ్లాసుకున్న విలువ పుట్టినప్పటి నుంచి మాకు తెలుసు కదా. బస్సు దిగి పల్లెలోకి నేను పరిగెత్తుకుంటూ వెళ్ళి, “తాగాడు! మజ్జిగ తాగాడు!” అని అరిచాను. ఒక్క ముక్క ఎక్కువ చెప్పక్కర్లేకపోయింది. గుడిసెలన్నీ బయటికొచ్చాయి. మా అమ్మ లేచింది. అన్ని రోజుల తర్వాత లేచి, తల దువ్వుకుని, పొయ్యి వెలిగించింది. జొన్నన్నం తినే ఇంట్లో ఆ రోజు బియ్యం వండింది, ఆ బియ్యం నాలుగిళ్ళలో అడిగి తెచ్చింది. మా నాయనకి ఇష్టమని గోంగూర నూరింది. నీళ్ళు పోసుకోవడానికని రెండు కుండలు దాచిపెట్టింది. ఆ రెండు కుండల కోసం గట్టు దగ్గర ఎంతసేపు నిలబడిందో నాకు తెలుసు.

మా నాయన రాలేదు. మర్నాడూ రాలేదు. అడిగితే, “వొస్తాడులే, తొందరేంది?” అన్నారు కింద బజారు వాళ్ళు. జీపు దొరకలేదేమో అనుకున్నాం. ఎన్నిక రోజున ఆయన్ని నేరుగా పంచాయితీ ఆఫీసుకే తెస్తారని మాకు మేమే చెప్పుకున్నాం. ఆ రోజు మా అమ్మా నేనూ ఆఫీసు ఎదుట ఎండలో నిలబడ్డాం. జీపు రాలేదు. ఆఫీసరుగారు వచ్చారు, లోపలికి వెళ్ళారు, మెంబర్లు ఎనిమిది మంది వెళ్ళారు. బీడీ కాల్చినంతసేపు కూడా పట్టలేదు. డప్పులు మోగాయి. పై బజారు పెద్దాయన ప్రెసిడెంటు, కింద బజారు పెద్దాయన కొడుకు వైసు ప్రెసిడెంటు. ఏకగ్రీవం. కాలువ పనులు చెరి సగం. ఒకే పూలదండలో ఇద్దరు పెద్దల్నీ నిలబెట్టి ఊరేగించారు. ఎనిమిది చేతులూ ఒక వైపే లేచినప్పుడు తొమ్మిదో చెయ్యి ఎక్కడుందని ఆఫీసరుగారు కూడా అడగలేదట. బావి మాట ఎవరూ ఎత్తలేదట.

ఊరేగింపు మా ముందు నుంచి పోతుంటే నేను అడ్డం వెళ్ళి కింద బజారు పెద్దాయనను ఆపాను.

“మా నాయనేడయ్యా?”

ఆయన మొహంలో కపటం ఏమీ లేదు. అదే నన్ను ఎక్కువ కాల్చింది. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

“రాలేదా? ఇంకా ఆడే ఉన్నాడా? ఆడేం చేస్తన్నాడమ్మా? ఎవరు పట్టుకున్నారు?” అన్నాడు. డప్పులు ఆయన్ని ముందుకు తోసుకుపోయాయి.

మా అమ్మ నా చెయ్యి వదిలేసి రోడ్డు మీద కూలబడింది. ఆవిడ నోటి నుంచి శాపం వస్తుందనుకున్నాను. “నువ్వు పో,” అంది.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్ళాను. ఆ ఇంటి గేటు బార్లా తెరిచి ఉంది. కర్రలు పట్టుకున్నవాళ్ళు లేరు. వాకిట్లో ముసలావిడ మిరపకాయలు ఆరబోస్తోంది. నన్ను చూసి, “ఎవరే? ఓ, నువ్వా. మీ నాయన గొడ్ల కాడ ఉన్నాడు చూడు,” అంది, మళ్ళీ మిరపకాయల్లోకి వంగిపోయింది.

చావిడిలో మంచాలు తీసేశారు. ఎద్దుల్ని మామూలు చోట కట్టేశారు. మా నాయన పాత పంచె ఎగ్గట్టుకుని, పేడ గంపలోకి ఎత్తుతున్నాడు. గడ్డం మాసిపోయింది. కొత్త తువ్వాలు లేదు. నన్ను చూసి చేతుల్లో పేడ వదల్లేదు, చుట్టూ ఒకసారి చూసి, గుంజ చాటుకి రమ్మని కళ్ళతో సైగ చేశాడు. వెళ్ళాను. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి.

“ఓటు రేపా, ఎల్లుండా?” అన్నాడు గుసగుసగా.

నేను ఆయన చేతుల్లో పేడ చూస్తున్నాను.

“నాలుగు రోజుల బట్టి వరస మార్చారే. గారూ లేదు గీరూ లేదు. మంచం పీకేశారు. పంచె విప్పించుకున్నారు. ఇదిగో, పేడెత్తిస్తన్నారు. ఎందుకో తెలుసా? మర్యాదకి లొంగలేదు కదా, ఇట్టాగన్నా లొంగుతానేమోనని,” అని నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఈనాటికీ నాకు అన్నం సయించదు. “ఎంత పేడన్నా ఎత్తుతా. మాట మాత్రం ఇవ్వలా. మీ అమ్మకి చెప్పు, ఇవ్వలా అని. ఓటు నాడు గడ్డపార దిగిందాకా చెయ్యెత్తను.”

“నాయనా,” అన్నాను, “ఓటు అయిపోయింది.”

“ఎప్పుడు?”

“నిన్న. అందరూ ఒకటైపోయారు. ఏకగ్రీవం.”

ఆయన చేతుల నుంచి పేడ నేల మీదికి జారుతోంది. ఎద్దు తోక ఆయన భుజానికి తగులుతున్నా కదల్లేదు.

“నేను లేకుండానా?” అన్నాడు.

తల ఊపాను.

“నాకు కబురు పంపలేదే.”

“లేదు నాయనా.”

చాలాసేపు గేటు వైపు చూశాడు. తెరిచి ఉన్న ఆ గేటును ఆయన అప్పుడే మొదటిసారి చూస్తున్నాడేమో నాకు తెలియదు. తర్వాత నా వైపు తిరిగి, పిల్లవాడు అడిగినట్టు అడిగాడు.

“మరి నన్నెందుకు ఉంచారే?”

ఎవరూ ఉంచలేదని ఆయనకి చెప్పడం నా వల్ల కాలేదు. “పద నాయనా, అమ్మ చూస్తా ఉంది,” అన్నాను. ఆయన గంప నెత్తికెత్తుకుని దొడ్లో పెంటకుప్ప దాకా వెళ్ళి, అంతా బోర్లించి, చేతులు దులుపుకుని వచ్చాడు. గేటు దాటేముందు ఆగి, ఎవరితో చెప్పి వెళ్ళాలో తెలియక, మిరపకాయల దగ్గర వంగి ఉన్న ముసలావిడతో, “ఎల్లొస్తానమ్మా,” అన్నాడు. ఆవిడకి వినపడలేదు.